మాట అందించే మనిషి

ఒక్కడే అదేపనిగా మాట్లాడుతూ పోతే, ఆ మాటలకి మన భాషలో ఉన్నన్ని పేర్లు ఇంకే పనికీ లేవనుకుంటాను. పెద్దమనిషి మైకు ముందు మాట్లాడితే ప్రసంగం. కళ్ళజోడు సర్దుకుని మాట్లాడితే ఉపన్యాసం. అదే పెద్దమనిషి ఎంతకీ దిగకపోతే ఊకదంపుడు. బావమరిది మాట్లాడితే సోది, అత్తగారు మాట్లాడితే సాధింపు, పై అధికారి మాట్లాడితే క్లాసు పీకడం, తాగినవాడు మాట్లాడితే వాగుడు. పెళ్ళాం మాట్లాడితే నస అంటాడు మొగుడు. మొగుడు మాట్లాడితే ఆవిడ ఏమంటుందో పైకి చెప్పదు. పని ఒకటే, మనిషిని బట్టి పేరు. పేరంటూ పెట్టేశాక ఇక వినక్కర్లేదు, అదో సుఖం.

ఈ పేర్ల గురించి నేను ఆలోచించడం మొదలుపెట్టింది మా వదిన వల్ల. వరసగా నాలుగు వాక్యాలు గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినని మనిషి ఆవిడ. సొంత వదినేం కాదు. నేతమిల్లులో నాతో పనిచేసిన ఒకాయన భార్య. ఆయన నాకంటే పెద్ద కాబట్టి అన్న అనేవాణ్ణి. మిల్లులో అందరూ ఆయన్ని స్వగతం అనేవాళ్ళు, ఆవిడని లోగొంతు అనేవాళ్ళు. ఆ పేర్లు ఎందుకొచ్చాయో చెప్పాలంటే ముందు మగ్గాల షెడ్డు గురించి చెప్పాలి.

మరమగ్గాలన్నీ ఒక్కసారి నడుస్తుంటే ఆ షెడ్డులో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా ఏమీ వినబడదు. అక్కడ పనిచేసేవాళ్ళు గొంతు వాడటం మానేస్తారు. పెదాలు విడమరిచి కదుపుతారు, ఎదుటివాళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. చుట్టపు చూపుగా వచ్చినవాళ్ళకి అంతా చేపల తొట్టిలా కనబడుతుంది. కానీ అక్కడ నడిచే చాడీలు, వెక్కిరింతలు, అలకలు బయట వీధి కుళాయి దగ్గర కూడా నడవవు. అన్న, వదిన ఇద్దరూ అక్కడే మగ్గాల మీద పనిచేసేవాళ్ళు. సూపర్వైజరు ఇద్దరి మధ్యా గుంజలా నిలబడి ఉండగానే, షెడ్డు ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ ఉండి పెళ్ళి మాట్లాడేసుకున్నారు. నేను అదే మిల్లులో కరెంటు పని చూసేవాణ్ణి. షెడ్డులోకి తిరిగీ తిరిగీ నాకూ ఆ పెదాల భాష కొంత అబ్బింది.

మిల్లు క్లబ్బుకి ఓ నాటక బృందం ఉండేది. అన్న అందులో పెద్ద నటుడు. నలుగురితో కలిసి మాట్లాడే సీన్లలో ఆయన అంతంత మాత్రమే. తోటివాళ్ళ డైలాగు అయ్యేదాకా ఆగే ఓపిక లేదు. ఒక్కణ్ణే నిలబెట్టి పేజీ పొడుగు మాటలు అప్పగిస్తే మాత్రం హాలు ఊపిరి బిగబట్టేది. దీపాలు నావి కాబట్టి పక్కనుంచి చూసేవాణ్ణి. ఆయన మాట్లాడుతుంటే టీ అమ్మేవాడు కూడా గ్లాసులు కడగడం ఆపేవాడు.

తెర పక్కన కూర్చుని మాట అందించడానికి మొదట్లో స్టోర్సు గుమాస్తా ఉండేవాడు. ఆయన గుసగుస ఎలాంటిదంటే ముందు వరసల వాళ్ళకి ప్రతి మాటా రెండుసార్లు వినబడేది. ఒకరోజు ఆయన రాలేదు. అన్న స్టేజీ మధ్యలో మాట మరిచిపోయి నిలబడిపోయాడు. తెర పక్కన చొక్కా గుండీ కుడుతున్న వదిన తలెత్తి చూసింది. సూది దారం చేతిలో ఉండగానే పెదాలు కదిపింది. చప్పుడు లేదు. ఆయన అందుకుని ఏమీ జరగనట్టే సాగిపోయాడు. ఆ రోజునుంచి ఎడమ పక్క తెర చాటున పీట ఆవిడది. నేనో చిన్న బల్బుకి రేకు డొప్ప కట్టి వెలుగు ఆవిడ నోటి మీద మాత్రమే పడేట్టు అమర్చాను. పుస్తకం మీద అక్కర్లేదంది. పుస్తకమంతా నోటికొచ్చు ఆవిడకి.

కొత్తగా చేరిన నటుడొకడు, అకౌంట్లు రాసేవాడు, రిహార్సల్లో ఓసారి అడిగాడు. "స్వగతమన్నా ఏకపాత్రన్నా ఒకటే కదా వదినా, ఎలాగూ ఒక్కడే కదా మాట్లాడేది?"

వదిన పక్కనున్నవాళ్ళకి మాత్రమే వినబడే తన లోగొంతుతోనే చెప్పింది. "స్వగతంలో పక్కన మనుషులుంటారు. వాళ్ళకి వినబడనట్టూ ఉండాలి, ఆఖరి బెంచీ వాడికి వినబడనూ వినబడాలి. ఏకపాత్రలో పక్కన ఎవరూ ఉండరు. లేనివాళ్ళని ఉన్నట్టే చూస్తూ మాట్లాడాలి. మొన్న నువ్వు చేసింది ఈ రెండూ కాదు."

"మరేంటది?"

"సోది. ఎదురుగా మనుషులుంటారు. వినరు."

అందరం పడీపడీ నవ్వాం. వాడూ నవ్వాడు పాపం, వేరే దారి లేక. నవ్వులయ్యాక వదిన ఇంకో మాటంది, అది ఎవరూ పట్టించుకోలేదు. "ఇద్దరు మాట్లాడుకునే చోట ఒకరు తప్పితే రెండోవాళ్ళు ఎలాగో లాక్కొస్తారు. ఒక్కడే మాట్లాడేటప్పుడు వాడికి దిక్కెవరు? అక్కడ మనిషిని వదిలేయకూడదు." ఆవిడ వృత్తి ధర్మం అంతా ఆ మాటలోనే ఉంది.

పొడుగు మాటల్లో మాట అందించడం తేలికేం కాదు. నటుడు కావాలనే ఆగే చోట్లుంటాయి. అక్కడ తొందరపడి అందిస్తే సీను చచ్చినట్టే. వదిన ఆయన భుజాలు చూసేది. కావాలని ఆగినప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు, భుజాలు పైకి ఉండేవి. మరిచిపోయి ఆగినప్పుడు ఊపిరి వదిలేసేవాడు, భుజాలు దిగేవి. దిగీ దిగకముందే ఆవిడ పెదాల మీద మొదటి మాట ఉండేది. ఒక్క మాట చాలు, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు మిగతాదంతా ఆయనకి వచ్చేసేది.

ఇంట్లోనూ అదే వరస. బజార్లో ఎవరైనా పలకరిస్తే అన్న "ఓహో, మీరా" అని చేతులు చాచేవాడు. పక్కనుంచి వదిన పెదాలు ఆ మనిషి పేరు చెప్పేవి. "ఎన్నాళ్ళయిందండీ" అని పేరుపెట్టి పిలిచేవాడు ఆయన. ఎదుటివాడు పొంగిపోయేవాడు. ఆయనకి ఎంత జ్ఞాపకశక్తో అని ఊరంతా చెప్పుకునేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, పోస్టాఫీసులో పని. తండ్రి గొంతూ తండ్రి కోపమూ వచ్చాయి. "మా అమ్మకి నోరెందుకూ, నాన్న నోరు ఉందిగా" అనేది. మిల్లులోని పెదాల భాష మాత్రం ఆ పిల్లకి రాదు. తమలాగా షెడ్డులో మగ్గిపోకూడదని వదిన కావాలనే నేర్పలేదు.

ఇద్దరూ పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నప్పటి మాట ఇక చెప్పేది. బృందం వార్షికోత్సవానికి అన్న ప్రతి ఏడూ వేసే ఏకపాత్ర ఒకటుంది. ఉరిశిక్ష మీద సంతకం పెట్టిన ఒక న్యాయమూర్తి, తెల్లారేలోగా తనతో తనే వాదించుకుంటాడు. చేంతాడంత ఉంటుంది. ఆ ఏడు రిహార్సల్ అయ్యాక స్టేజీ వెనక మెట్లు దిగుతూ అన్న ఒక మెట్టు తప్పాడు. తెర కట్టే ఇనప గొట్టానికి తల కొట్టుకుంది. నిమ్మకాయంత బొప్పి కట్టింది. "జడ్జీకే శిక్ష పడిందిరోయ్" అని ఆయనే నవ్వాడు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టాం. వారానికల్లా బొప్పి తగ్గింది, దాంతో అందరం దాన్ని మరిచిపోయాం.

ఆ తర్వాత నెమ్మదిగా మొదలైంది. దీపాల దగ్గర నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట అందిస్తే చాలే మనిషికి వదిన సగం వాక్యం అందిస్తోంది. ఆ తర్వాత వాక్యమంతా. ఇంకొన్నాళ్ళకి ఆవిడ పెదాలకి విశ్రాంతి లేకుండా పోయింది. మొత్తం న్యాయమూర్తిని ఆవిడే చెబుతోంది, ఆయన గొంతు మాత్రం ఇస్తున్నాడు. హాల్లో రిహార్సల్ చూసేవాళ్ళకి ఏమీ తెలీదు. పైగా ఈసారి చాలా నిదానంగా, బరువుగా చేస్తున్నాడని మెచ్చుకున్నారు.

"వదినా, అన్నని డాక్టరుకి చూపించు. ఇది మామూలు మతిమరుపులా లేదు" అన్నాను.

"వయసు కదయ్యా" అంది.

"వయసు నాకూ వచ్చింది. నేను బల్బులు పెట్టాల్సిన చోట ఫ్యూజులు పెట్టట్లేదుగా?"

ఆవిడ నవ్వలేదు. "మరుపని తెలిస్తే ఆయన్ని ఇక స్టేజీ ఎక్కనివ్వరు. స్టేజీ లేకపోతే ఆయన మంచం ఎక్కుతాడు. నాకు తెలుసు" అంది.

చివరికి పట్టుబట్టింది కూతురే. ఒకరోజు ఇంటికెళ్తే తండ్రి చొక్కా మీద చొక్కా వేసుకుని కూర్చున్నాడట. మర్నాడే వీధి చివర క్లినిక్కి లాక్కెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను గానీ బయట బెంచీ మీదే కూర్చున్నాను. లోపల జరిగింది తర్వాత వదిన నోటే విన్నాను. దాన్ని ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు.

డాక్టరు మంచివాడు. ఓపికున్న మనిషి. బల్ల ముందు రెండే కుర్చీలుంటే తండ్రీ కూతురూ కూర్చున్నారు. వదిన డాక్టరు వెనక కిటికీ దగ్గర, బరువు చూసే మిషను పక్కన నిలబడింది. డాక్టరుకి ఆవిడ కనబడదు. అన్నకి ఎదురుగా కనబడుతుంది.

"ప్రశ్నలు అడిగితే అందరూ బెదిరిపోతారండీ. మీ గురించి మీరే చెప్పుకుంటూ పొండి. నేను వింటాను" అన్నాడు డాక్టరు.

పాపం, ఆయన పద్ధతి అది. మనిషిని కాసేపు మాట్లాడనిస్తే ఎక్కడ తడబడుతున్నాడో తెలుస్తుందని. నిజానికి మంచి పద్ధతే. ఆ గదిలో కాక ఇంకెక్కడైనా పనిచేసేదే.

అన్న మొదలుపెట్టాడు. పుట్టిన ఊరు, చదువు ఆగిపోవడం, మిల్లులో చేరడం. అక్కడ ఆగాడు. భుజాలు దిగాయి. కిటికీ దగ్గర పెదాలు కదిలాయి. మళ్ళీ సాగాడు. మగ్గాలు, సమ్మె, నాటకాలు. ఆగాడు. పెదాలు కదిలాయి. సాగాడు. ఇద్దరికీ అది కొత్తేమీ కాదు, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే. ఆయన గొంతు బయట బెంచీ దాకా ఖంగున వినబడుతోంది. నాకు హాయిగా అనిపించింది, ఏమీ లేదులే అనుకున్నాను.

"ఒక్కతే కూతురండీ నాకు. ఇదిగో, ఇక్కడే కూర్చుంది. దీని పేరు" అని ఆగాడు అన్న.

కూతురు తండ్రి కేసి తిరిగి చూస్తోంది. చిన్నగా నవ్వుతోంది, తన పేరు తండ్రి నోట వినడానికి. వదిన ఆ మొహం చూసింది. పేరు అందించింది.

అన్న ఆ పేరు ఎంత ముద్దుగా పలికాడంటే డాక్టరు కూడా నవ్వాడట. "ఈ వయసులో నేను ఇందులో సగం మాట్లాడగలిగితే చాలు" అన్నాడు. తలనొప్పులున్నాయా అని అడిగితే లేవన్నాడు అన్న. తలకి దెబ్బేమైనా తగిలిందా అంటే లేదన్నాడు. నిజంగానే ఆయనకి గుర్తు లేదు. వదినకి గుర్తుంది, కానీ మానిపోయిన బొప్పికీ దీనికీ ముడిపెట్టాలని తోచలేదు. పైగా అడిగింది ఆయన్ని. "కావాలంటే స్కానింగ్ రాస్తాను. కానీ ఇంత ధారగా మాట్లాడే మనిషికి దేనికండీ? నడక తూలినా, తలనొప్పి వచ్చినా వెంటనే తీసుకురండి" అని బలానికి మాత్రలు రాసి పంపించాడు.

వార్షికోత్సవం రోజు హాలు నిండింది. నేను దీపం వేశాను. అన్న న్యాయమూర్తి కోటులో వచ్చి నిలబడ్డాడు. కుడి కాలు కాస్త ఈడుస్తున్నాడు. ముసలి జడ్జి అని నటిస్తున్నాడనుకున్నాను. మొదటి రెండు వాక్యాలు చెప్పాడు. ఆగాడు. ఎడమ పక్కకి చూశాడు. వదిన అందించింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆవిడ మళ్ళీ అందించింది, ఇంకా విడమరిచి. ఆయన ఆవిడ పెదాలనే చూస్తున్నాడు గానీ అందులో ఏమీ దొరకట్లేదు. జనం అదంతా నటన అనుకుని కిక్కురుమనకుండా చూస్తున్నారు. వెనకనుంచి ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను దీపం ఆర్పేశాను. చీకట్లో ఆయన పడిన చప్పుడు వినబడింది.

పెద్దాసుపత్రిలో తలకి స్కానింగ్ తీశారు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరిందన్నారు. ఇప్పటిది కాదు, దెబ్బ తగిలినప్పటినుంచి బొట్టు బొట్టుగా ఊరుతూ మెదడుని ఒక పక్కకి నొక్కేసిందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. చేసిన సర్జనమ్మ బయటికొచ్చి చెప్పింది. "రక్తం తీశాం. కానీ చాలా కాలం నొక్కుకుపోయి ఉంది. పోయింది పూర్తిగా తిరిగి రాదు. మొదట్లోనే వచ్చి ఉంటే చిన్న రంధ్రంతో పోయేది. లేచి ఇంటికెళ్ళేవారు."

"మొదట్లోనే వెళ్ళాం కదండీ" అంది కూతురు.

సర్జనమ్మ భుజం తట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ పిల్ల శివాలెత్తిపోయింది. వార్డు బయట వరండాలో, కలిపి బిగించిన కుర్చీల వరస ముందు అటూ ఇటూ నడుస్తూ తిట్టింది. ఆ క్లినిక్ డాక్టర్ని తిట్టింది. స్కానింగ్ రాయడానికి చేతులు పడిపోయాయా అంది. నాన్న కథ విని నవ్వుకున్నాడు, వైద్యం చెయ్యమంటే వినోదం చూశాడు అంది. పెదనాన్న కొడుకులిద్దరికీ అప్పటికే ఫోన్ చేసింది. పొద్దున్నే వెళ్ళి ఆ క్లినిక్ అద్దాలు మిగలకుండా చేస్తామన్నారట వాళ్ళు. లాయరుతో కూడా మాట్లాడానంది. "వాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడుగుతాను. ఇంకెప్పుడూ వాడు స్టెతస్కోపు మెడలో వేసుకోకూడదు" అంది. వింటుంటే నాకూ రక్తం మరిగింది. వెళ్దాం పద, నేనూ వస్తాను అన్నాను. అప్పటికి నాకేం తెలుసు?

వదిన చివరి కుర్చీలో కూర్చుని ఉంది. "వద్దు" అంది.

"నువ్వూరుకో అమ్మా. నీకేం తెలీదు."

"కూర్చో" అంది వదిన.

ఇన్నేళ్ళలో ఆవిడ అసలు గొంతు నేను విన్నది అదే మొదలు. కాస్త బొంగురుగా, లావుగా ఉంది. వాడకుండా మూలపడేసిన వస్తువులా గరగరలాడింది. కూతురు కూర్చుంది, ఆ గొంతుకి ఆశ్చర్యపోయి.

"ఆ డాక్టరు జోలికి వెళ్ళకండి. ఆయనేం తప్పు చెయ్యలేదు. ఆయన నాన్నని మాట్లాడమన్నాడు, నాన్న మాట్లాడలేదు. నేను మాట్లాడాను. ఆయన వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను చూడు, అక్కడినుంచి అందించాను. మిల్లు సంగతి దగ్గర ఆగితే అందించాను. నాటకాల దగ్గర ఆగితే అందించాను. అలవాటే అనుకో. నాన్న భుజాలు దిగితే నా నోరు కదులుతుంది, నన్నడగదు. ఆ రెంటికీ అలవాటని చెప్పుకోవచ్చు. మూడోసారి అలవాటు కాదు. నీ పేరు చెప్పబోయి ఆగాడు నాన్న. నీ పేరు రాలేదమ్మా ఆయనకి. నువ్వు నవ్వుతూ ఆయన మొహంలోకి చూస్తున్నావు. నోరు మూసుకుని ఉందామనే అనుకున్నాను. ఒక్క క్షణం అనుకున్నాను కూడా. ఊరుకుంటే డాక్టరుకి తెలిసిపోతుంది, అందుకే కదా వచ్చాం అనిపించింది. కానీ నీకూ తెలిసిపోతుందిగా. కన్నతండ్రికి నీ పేరు గుర్తులేదని నువ్వు ఆ కుర్చీలో కూర్చుని తెలుసుకోవడం నేను చూడలేకపోయాను. తెలిసే అందించాను. దెబ్బ సంగతి కూడా నేను చెప్పలేదు. నన్నడగలేదు అనుకున్నాను. అడక్కపోతే మాత్రం, నాకు నోరు లేదా? ఇంటికొచ్చాకైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ రోజు నువ్వు సంతోషంగా ఉన్నావు. డాక్టరు బాగుందన్నాడు, నాన్న నా పేరు ఎంత బాగా చెప్పాడో చూశావా అమ్మా అన్నావు. అంతే. అద్దాలు పగలగొట్టాలంటే ఆయన క్లినిక్కి వెళ్ళక్కర్లేదు."

ఆవిడ ఎక్కడా ఆగలేదు, దేనికీ తడుముకోలేదు. ఏడవను కూడా లేదు. నేను లెక్కలేనన్ని పొడుగు మాటలు దీపం వేసి మరీ విన్నాను. దీన్ని ఏమనాలో నాకు తెలియలేదు. ఎదురుగా మనిషి ఉంది కాబట్టి స్వగతం కాదు. జవాబు కోసం చెప్పింది కాదు కాబట్టి సంభాషణా కాదు. నాకు ముందొచ్చింది కోపం, అబద్ధమెందుకు. చేతులారా చేశావు కదా వదినా అని నోటిదాకా వచ్చింది. తర్వాత కూతురి మొహం చూసి ఆ మాట మింగేశాను. అందులో నాకు ఏ పాత్రా లేదు.

కూతురు తల్లిని తిడుతుందనుకున్నాను, కనీసం ఏడుస్తుందనుకున్నాను. లేచి పెదనాన్న కొడుకుకి ఫోన్ చేసి రావద్దంది. ఎందుకని అడిగినట్టున్నారు. "మాదే తప్పు" అని పెట్టేసింది. మాదే అంది, మా అమ్మదే అనలేదు. వదిన తల వంచుకుంది.

కొన్నాళ్ళకి అన్నకి స్పృహ వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తున్నాడు, గ్లాసు పెడితే నీళ్ళు తాగుతున్నాడు, అప్పుడప్పుడూ ఒకటో రెండో మాటలంటున్నాడు అన్నారు. ముగ్గురం లోపలికి వెళ్ళాం. తలకి కట్టు. మనిషి సగమైపోయాడు. కళ్ళు మాత్రం మనుషుల మీద నిలుస్తున్నాయి.

కూతురు మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నేనెవర్ని? నా పేరేంటి నాన్నా?" అంది.

ఆయన ఆ పిల్ల మొహం చూశాడు. భుజాలు దిగాయి. చూపు మెల్లిగా పక్కకి తిరిగి, మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ వదిన దగ్గర ఆగింది. ఆవిడ రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. ఎంత గట్టిగా మూసుకుందంటే, వేళ్ళు తెల్లబడ్డాయి. ఆయన చూపు తిప్పుకోలేదు.

కూతురు అటూ ఇటూ చూసింది. లేచి వెళ్ళి తల్లి చేతులు పట్టుకుని కిందికి దించింది.

"అందించమ్మా" అంది. "ఫర్వాలేదు. అందించు."

వదిన అందించింది. పెదాలు విడమరిచి, షెడ్డులో చెప్పినట్టు, ఒక్కో అక్షరమూ. అన్న ఆ పెదాలకేసి శ్రద్ధగా, అయ్యేదాకా చూశాడు. తర్వాత దిండు మీదనుంచి తల కాస్త పైకెత్తాడు. పెళ్ళయిన నాటినుంచి ఒసే, ఏమే అని తప్ప పిలవని పెళ్ళాన్ని చూసి ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఎవరు కావాలండీ మీకు?"